కొసరు చీర

మా ఇంట్లో పిల్లలకు నడక వచ్చేలోపే 'కుదరదు' అనే మాట వస్తుంది. ఆత్మకూరులో మా వీధి వీధంతా దుకాణాలే. మా అబ్బా గల్లాపెట్టె పక్కన గోనెసంచి మీద కూర్చుని పెరిగినవాణ్ణి. ఎవరైనా ఒక ధర చెప్పగానే నా తల దానంతటదే అడ్డంగా ఊగుతుంది. నికాలో ఖాజీగారు ఒప్పుకుంటున్నావా అని అడిగినప్పుడు కూడా ముందు అడ్డంగానే ఊగిందని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తుంది.

ఆ దుకాణం ఇప్పుడు నాది. నల్లమల గూడేల నుంచి వచ్చే తేనె, చింతపండు, కుంకుడుకాయలు, నన్నారి గడ్డలు కొంటాను. వాళ్ళకు బియ్యం, టీపొడి, సబ్బులు, దుప్పట్లు ఇస్తాను. చాలాసార్లు వస్తువుకు వస్తువే, డబ్బు చేతులు మారదు. అట్లాంటి బేరంలో అసలు యుద్ధమంతా కొసరు దగ్గర జరుగుతుంది. బేరం తెగిన తర్వాత పైన ఊరికే వేసి ఇచ్చేది కొసరు. దోసెడు చక్కెరో, సబ్బుముక్కో. పెద్ద నష్టమేమీ ఉండదు. అయినా దాన్ని తేలిగ్గా ఇచ్చిన రోజు మా అబ్బాకు అన్నం సయించేది కాదు. నాకూ అంతే.

ఈమధ్య ఊళ్ళో ఎవరిని చూసినా ఫోనులో వీడియోలు చూసి తేనె మీద అనుమానాలు పెంచుకున్నారు. నీళ్ళలో వేసి చూస్తారు, అగ్గిపుల్ల ముంచి చూస్తారు, చివరికి నా మొహం చూస్తారు. ఈ పీడ వదలాలంటే తేనె కొండ మీదినుంచి దిగుతుండగా నేనే వీడియో తీసి దుకాణంలో చూపించాలనుకున్నాను. అందుకని ఒక వేసవి పొద్దున మోటార్ సైకిలు మీద బియ్యం బస్తా, దుప్పటి కట్టుకుని గూడేనికి పోయాను.

నాకు తేనె ఇచ్చే చెంచాయన ఇంచుమించు నా వయసువాడే. వాళ్ళ నాయన మా అబ్బాతో బేరమాడేవాడు, ఈయన నాతో ఆడతాడు. నా ఎరుకలో నన్ను అలసిపోయేలా చేసిన మనిషి ఇతనొక్కడే. ఆ పొద్దున బియ్యం, దుప్పటి లెక్క తేలిపోయింది. కొసరు దగ్గర ఆగింది.

"ఇంగ మా ఆడమనిషికి ఒక చీర" అన్నాడు.

"కొసరుకు చీర అడిగేవాణ్ణి నిన్నే చూస్తాండా. సబ్బు తీసుకో."

"సబ్బు కట్టుకోని తిరుగుతుందా?"

"తువ్వాల ఇస్తా. అంతే."

"తువ్వాల నువ్వే పెట్టుకో సాయిబూ. చీర లేంది తేనె లేదు."

అతని భార్య పొయ్యి దగ్గర కూర్చుని మా వైపు చూడకుండా నవ్వుతోంది. చీర వస్తుందన్న ఆశ ఆమెకు ఉన్నట్టు లేదు. మేము తన గురించి కొట్లాడుకోవడమే బాగున్నట్టుంది. కొండ నుంచి వచ్చాక తేల్చుకుందామని లేచాం.

నలుగురం బయలుదేరాం. ఆయన, భార్య, ఆమె తమ్ముడు, నేను. తమ్ముడికి పెళ్ళయింది, కండ తిరిగిన మనిషి. నారతో పేనిన తాడు చుట్ట అతని భుజాన ఉంది. బావను కొండ చరియ కిందికి దించి తాడు పట్టుకునేది అతనే. గూడెంలో ఎవరు తేనెకు దిగినా పైన తాడు పట్టుకునేది భార్య తోడబుట్టినవాడే అని వింటే నాకు విడ్డూరంగా తోచింది.

"మీ బావకు అన్నదమ్ములు ఉండారు గదప్పా. వాళ్ళు పట్టుకోరా?" అని దారిలో అడిగాను.

"వాళ్ళు పట్టుకోకూడదు" అన్నాడు తమ్ముడు. "అన్నదమ్ములకు యాడ ఏ ఆశ పుడుతుందో ఎవురికెరుక. ఈయప్ప పడిపోతే నాకేమొస్తుంది? మా యక్క ఏడుపు తప్ప."

ముందు నడుస్తున్న ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు. "వీనికి నామీద ప్రేమ గాదు సాయిబూ. నేను పోతే వాళ్ళక్క తట్టాబుట్టా ఎత్తుకోని వీని ఇంటికే వస్తుంది. ఆమె నోటికి భయపడి గట్టిగా పట్టుకుంటాడు."

"నీ నోరు కన్నా నయమేలే బావా."

ఈ వేళాకోళం సరదాకి కాదని కొండ మీదికి పోయాక తెలిసింది. తేనెపట్టు ఉన్న చోట బండ ముందుకు పొడుచుకుని వచ్చి, దాని కింద కొండ లోపలికి తొలిచినట్టు ఉంటుంది. దిగినవాడికి పైవాళ్ళు కనపడరు. పైవాళ్ళకు అతను కనపడడు. మిగిలేది గొంతు ఒక్కటే. అందుకని తాడు పట్టుకున్న బామ్మర్ది ఆపకుండా బావను ఏదో ఒకటి అంటూనే ఉండాలి. ఎకసెక్కం వినపడినంతసేపు తాడు సరైన చేతుల్లో ఉన్నట్టు లెక్క. పైన మాట ఆగిందంటే ఏదో జరిగినట్టు. అప్పుడు కిందివాడు కదలకూడదు. మళ్ళీ ఆ గొంతే పలికేదాకా ఉన్నచోట బండకు కరుచుకుని ఉండాలి. ఎందుకంటే ఎక్కేటప్పుడు పైవాడు ఎప్పటికప్పుడు తాడు లాగి బిగించకపోతే, కాలు జారిన మనిషి ఊగిపోయి బండకు కొట్టుకుంటాడు.

తాడును మద్దిచెట్టు మొదలుకు చుట్టారు. తమ్ముడు చెట్టుకు ముందు కూర్చుని, రెండు కాళ్ళూ ఒక రాతికి తన్నిపెట్టి, తాడు చేతికి తీసుకున్నాడు. ఆమె పచ్చి ఆకులు వేసి నిప్పు రాజేసింది. ఆయన నడుముకు తాడు కట్టుకుని, బండకు దండం పెట్టి, అంచు దాటే ముందు నాతో అన్నాడు.

"చీర సంగతి మర్సిపోవద్దు."

"తువ్వాల" అన్నాను.

కిందికి దిగిపోయాడు.

నేను తడిపిన గోనెపట్టా తలమీద కప్పుకుని, ఫోను అంచు దగ్గర రాళ్ళ మధ్య నిలబెట్టి వీడియో పెట్టాను. ఆమె సన్న తాడుతో పొగకట్ట దించింది, వెనకే గంప దించింది. కింద బండను ఆనుకుని పొగ లేచింది. తమ్ముడి నోరు మొదలైంది.

"ఏం బావా, ఆడనే పండుకున్నావా? మా యక్క ఈడ సంకటి కెలికి, తిని, కడుక్కునేట్టుండాది."

"తాడు ఇడువు రా. నీ నోరు ఇడిసినట్టు గాదు, నిదానంగా."

మొదటి గంప పైకి వచ్చింది. ఆకుల మీద తెల్లటి పట్టు ముక్కలు, వాటి నుంచి కారుతున్న తేనె. నా లోపలి దుకాణదారుడు అప్పుడే దాన్ని సీసాల్లోకి పోసి అట్టలు అంటించడం మొదలుపెట్టాడు. ఖాళీ గంప మళ్ళీ దిగింది.

అప్పుడు గాలి తిరిగింది.

కొండను ఆనుకుని పైకి రావలసిన పొగ ఒక్కసారిగా లోయవైపు పోయింది. కింద ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లారీ మోత లాంటిది వినపడింది. రోడ్డు ఈ పక్కన లేదే అనుకున్నాను. అనుకునేలోపే అంచు మీదినుంచి తేనెటీగలు నల్లగా లేచి మా మీదికి వచ్చాయి. నేను గోనెపట్టా కింద దూరి నేలకు కరుచుకున్నాను. దూరడంలో నా అంత చురుకైనవాడు ఆ కొండ మీద లేడు. తమ్ముడు దూరలేడు. అతని రెండు చేతుల్లో తాడు ఉంది, తాడు చివర బావ ఉన్నాడు.

పట్టా సందులోంచి చూస్తున్నాను. ఈగలు అతని తలమీద, చెవులమీద, పెదాలమీద ముసిరాయి. చెయ్యి ఎత్తి ఒకదాన్ని కూడా తోలుకోలేదు. తల మాత్రం అటూ ఇటూ విదిలించాడు. ఆమె పచ్చి ఆకులు వాటేసుకుని తెచ్చి నిప్పులో వేసి, ఆ పొగలోంచి పరుగెత్తి తమ్ముడి మీద తన కోసం తడిపి పెట్టుకున్న దుప్పటి కప్పింది. దట్టమైన పొగకు ఈగలు చెదిరాయి. దుప్పటి తీసి చూస్తే అతని కళ్ళు మూసుకుపోయాయి. పెదాలు రెండు బొటనవేళ్ళంత లావయ్యాయి. ఏదో అనబోయాడు. గొంతులో గురక లాంటిది తప్ప మాట రాలేదు.

తాడు మాత్రం వదల్లేదు.

పైన మాట ఆగిపోయింది. కింద కూడా ఏ చప్పుడూ లేదు. ఆయన కట్టుబాటు ప్రకారం బండకు కరుచుకుని ఆగిపోయాడు.

"కింద పొగకట్ట ఆరిపోయింటాది" అంది ఆమె. "చెదిరిన ఈగలు మళ్ళా పట్టు కాడికే పోతాండాయి. ఆయప్ప దాని పక్కనే ఉండాడు."

"నువ్వు పిలువమ్మా."

"నేను పిలిస్తే నా తమ్ముడు పోయినాడనుకుంటాడు. తాడు కాడ ఆడదాని గొంతు వినపడిందంటే అదే లెక్క. కాళ్ళు పట్టుతప్పుతాయి." నా భుజం పట్టి అంచు వైపు నెట్టింది. "నువ్వు పిలువన్నా. నీ గొంతు ఆయప్పకు ఎరుకే."

బోర్లా పడుకుని అంచుకు తల పెట్టి అరిచాను. "ఏమప్పా, ఎక్కి రా. పైన అంతా బాగుండాది."

కిందినుంచి గొంతు వచ్చింది. "తాడు ఎవురి చేతిలో ఉండాది?"

"నీ బామ్మర్ది చేతిలోనే."

"వాడు మాట్లాడడేం?"

"ఈగలు కుట్టినాయి. నోరు వాచింది. చేతులు బాగుండాయి, ఎక్కు."

నేను చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ గూడెంలో నా మాటకు ఎంత విలువ ఉందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నా తూకాన్ని అతను ఏనాడూ ఒక్కసారికి ఒప్పుకున్నవాడు కాదు. బస్తాలో చెయ్యి పెట్టి అడుగు బియ్యం తీసి చూసేవాడు. అట్లాంటివాడు ఇప్పుడు నా మాట నమ్మి గాల్లోకి కాలు పెట్టాలి.

కింద మోత మళ్ళీ పెరుగుతోంది. ఆమె నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చీర కొంగు నోట్లో కుక్కుకుంది, శబ్దం బయటికి రాకుండా. ఆ కొంగు చూసి నాకొక ఉపాయం తట్టింది. జీవితంలో ఎన్నడూ చెయ్యని పని చేశాను. అడిగింది ఇచ్చేశాను.

"చీర ఇస్తాలేప్పా. నువ్వడిగినట్టే ఇస్తా. పట్టుదైనా సరే. ఎక్కి రా."

కిందినుంచి చాలా మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు వినపడింది.

"సాయిబు చీర ఒప్పుకున్నాడు. పైన ఎవురో సచ్చినారు."

చెట్టు మొదలు దగ్గర తాడు సన్నగా వణకడం మొదలైంది. కింద అతని కాళ్ళు వణుకుతున్నాయి. కళ్ళు కనపడని తమ్ముడికి ఆ వణుకు చేతుల్లో తెలిసి, నోటితో ఏదో చెప్పబోయి, మళ్ళీ ఆ గురకే వచ్చింది. ఆ గురక కిందికి వినపడితే ఇంకా చేటు. ఆమె తమ్ముడి నోటిమీద చెయ్యి పెట్టింది.

అప్పుడు వెలిగింది నాకు, నేనేం చేశానో. నా దయ చూసి అతను భయపడ్డాడు. నేను అతనికి తెలిసిన మనిషిగా మాట్లాడాలి. గొంతు సవరించుకున్నాను. అది నా దుకాణం గొంతు కావడానికి ఒకటి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"ఊరికే గాదు. గంప నిండా తేనెపట్టు తెస్తేనే. ఇంతవరకు వచ్చినదానికి చీర యాడ వస్తుంది?"

తాడు వణుకుతూనే ఉంది.

"ఏం, పలకవు? పట్టు సగం ఆడనే పెట్టి, నాకాడ చీర గుంజుకుందామనుకుంటాండావా?"

కిందినుంచి జవాబు వచ్చింది. "పొద్దున గంప మాట లేదు గదా."

"పొద్దున చీర మాటే లేదు."

"ఉండె. నువ్వే తువ్వాల అంటివి."

"ఇప్పుడూ తువ్వాలే అంటా. ఎక్కి వచ్చి తువ్వాల తీస్కపో."

"తువ్వాల కోసరం ఎవురు ఎక్కుతారు సాయిబూ?"

ఆ మాటలో అతని పాత గొంతు కొంచెం ఉంది. తాడు బిగిసింది. ఎక్కడో ఒక కాలు పైకి పెట్టాడు. తమ్ముడు ఆ బిగువు పట్టుకుని మూరెడు తాడు వెనక్కి లాగాడు. ఆమె నోట్లోంచి కొంగు జారిపోయింది.

"సరే, చీరే అనుకో" అన్నాను, విసుక్కుంటున్నట్టు. "నూలుది."

"పట్టుదంటివి ఇప్పుడే."

"పట్టు చీర కట్టుకోని అడవిలో చింతపండు ఏరుతుందా మీ ఆడమనిషి?"

"ఏరితే నీకేం? అంచు వెడల్పుండాల."

"సన్నంచు."

"వెడల్పు."

"సన్నంచు. ఇష్టం లేకపోతే దిగిపో."

దిగిపో అని నా నోటితో నేనే అన్నాక నాలుక కరుచుకున్నాను. అతను దిగలేదు. ఏదో తిట్టుకుంటూ ఇంకొంచెం పైకి వచ్చాడు. నా జీవితంలో అంత కష్టపడి చేసిన బేరం ఇంకొకటి లేదు. ఒక్క మాట మెత్తగా అంటే అతనికి అనుమానం. మరీ గట్టిగా అంటే విసుగొచ్చి ఆగుతాడేమోనని నాకు భయం. పైగా ఏ నిమిషంలో ఏ ఈగల మోత లేస్తుందో తెలియదు.

బండ ముందుకు పొడుచుకొచ్చిన చోటికి వచ్చాడు. అక్కడ కాలు పెట్టడానికి ఏమీ ఉండదు, మనిషి బరువంతా పైవాడి చేతుల మీదే. తమ్ముడు లాగాడు. వాచిన వేళ్ళు మడత పడలేదు, తాడు జారింది. నేను వెనక్కి పాకి తాడు పట్టుకోబోయాను. అతను చూడలేని కళ్ళతోనే నన్ను మోచేత్తో డొక్కలో పొడిచాడు. పరాయివాడి చెయ్యి తాడు మీద పడకూడదు.

ఆమె వంగి తమ్ముడి చెవిలో అంది. "ముట్టనీ రా. ఈయప్ప గూడా నాకు అన్నే."

అతను మోచెయ్యి తీసి పక్కకు జరిగాడు. అతని వెనక కూర్చుని, అతని కాళ్ళ పక్కనే నా కాళ్ళు రాతికి తన్నిపెట్టి తాడు పట్టుకున్నాను. మూటలు ఎత్తిన చేతులే. అయినా బియ్యం బస్తా ఊపిరి పీల్చదు. ఆ తాడు పీలుస్తోంది.

"ఏం సాయిబూ, మాట ఆగింది?"

"రవిక గుడ్డ అడుగుతావేమోనని భయపడి" అన్నాను, లాగుతూ.

"అడగడం మర్సిపోయినా. అది గూడా."

"కుదరదు."

"ఆయాసపడతాండావే."

"నీలాంటోనితో బేరమాడితే ఆయాసం రాదా?"

అంచు మీద ఒక చెయ్యి పడింది. తర్వాత రెండోది. ఆమె ముందుకు దూకి జబ్బ పట్టుకుంది. పైకి వచ్చిపడ్డాడు. మెడమీద, చేతులమీద ఈగల ముళ్ళు అంటిపెట్టుకుని ఉన్నాయి. లేచి నిలబడకుండా, మోకాళ్ళ మీదే బామ్మర్ది దగ్గరికి పోయాడు. ఆ మొహం చూశాడు. తాడు ఇంకా అతని పిడికిళ్ళలోనే ఉంది, విప్పడం రావట్లేదు. ఆయన ఒక్కొక్క వేలే ఎత్తి తాడు తీశాడు.

తమ్ముణ్ణి నా మోటార్ సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఆయన పట్టుకుని కూర్చోగా, ఆత్మకూరు ఆసుపత్రికి తెచ్చాం. సూదులు వేసి, సెలైను పెట్టి, రాత్రంతా ఉంచుకున్నారు. కొన్నాళ్ళు మొహం గుమ్మడికాయ మాదిరి ఉండి, మెల్లగా మామూలైంది. ఆ ఫోను వీడియోలో ఆకాశం, పొగ, ఇద్దరు మగవాళ్ళు కనపడకుండా చీర అంచు గురించి కొట్లాడుకోవడం తప్ప ఏమీ లేదు. దుకాణంలో ఎవరికీ చూపించలేదు.

తమ్ముడు కోలుకున్నాక చీర తీసుకుని గూడేనికి పోయాను. నేతగాని ఇంటికి పోయి, నూలుదే కానీ అంచు వెడల్పుది ఎంచుకున్నాను. ఎందుకని మా ఆవిడ అడిగితే, సన్నంచువి అయిపోయాయన్నాను.

ఆమె చీర మడత విప్పి, అంచు మీద చెయ్యి రాసి, భర్తకు చూపించింది. ఆయన అంచు చూశాడు. మొహం మారిపోయింది. చుట్టూ చూశాడు, బామ్మర్ది ఎక్కడున్నాడా అని. అతను గుడిసె ముందు కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు.

"సన్నంచు గదా అంటివి" అన్నాడు ఆయన నాతో. "ఎవురికేమైంది?"

"ఎవురికీ ఏం కాలేదప్పా."

"మీ ఇంట్లో అంతా బాగుండారా?"

"బాగుండారు."

నన్ను కాసేపు తేరిపారా చూశాడు. నమ్మకం కుదిరినట్టుంది. గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"అట్లయితే రవిక గుడ్డ యాడ బావా?" అన్నాడు, ఈసారి సాయిబూ అనకుండా.

నా తల దానంతటదే అడ్డంగా ఊగింది. పొయ్యి దగ్గర ఆమె నవ్వు వినపడింది.

"కుదరదు" అన్నాను.